తిరుగుదారిలో తప్పెట

ఆలూరు తపాలా, మన ఊరు
5 ఏప్రిల్ 1919

నా ప్రియమైన అన్నా,

నీ చెల్లెలు జీవమ్మ వందనాలు. ఇక్కడ నాయనా నేనూ ప్రాణాలతో బాగానే ఉన్నాం. క్షేమ సమాచారం ఇంతటితో చాలు, ఎందుకంటే ఈ మధ్యాహ్నం చూసినది వెంటనే నీకు చెప్పాలి. తొందరలో అక్షరాలు కోడి కెలికినట్టు ఉంటే ఏమీ అనుకోకు. దస్తూరి బాగా లేకపోతే పిల్లల వేళ్ల మీద కొట్టే పంతులమ్మను నేను!

ఎండ మండిపోతోందని బడి పెందలాడే వదిలి ఇంటికొచ్చాను. ఇంటి వెనక పొగ లేస్తోంది. గడ్డివామికి నిప్పంటుకుందేమోనని కడవ ఎత్తుకుని పరుగెత్తాను. చూస్తే, నాయన గొంతుక్కూర్చుని కొర్రగడ్డి మంట మీద తప్పెట పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. కొత్త చట్రం, కొత్త తోలు. ఎప్పుడు చేశాడో, ఎక్కడ దాచాడో నాకు తెలియదు. కడవ చేతిలోంచి జారి పగిలిపోయింది. ఆ చప్పుడుకి కూడా నాయన తల తిప్పలేదు.

“ఏం చేస్తాండావు నాయనా?” అన్నాను.

“సూస్తానే ఉండావు గదమ్మా. తోలు కాగబెడతాండా.”

“ఎందుకు?”

“పండక్కి.”

అన్నా, ఏ పండుగో అడగాల్సిన పని లేదు. ఇరవయ్యో తేదీ ఈస్టరు. ఆ రోజు మిషను దొర మన ఊరికి వచ్చి రొట్టే ద్రాక్షరసమూ పంచి ప్రభువు బల్ల ఇస్తున్నాడు. పోయిన అక్టోబరులో విషజ్వరం ఊరిని ఊడ్చేస్తున్నప్పుడు నాయన నేత రామలింగప్ప కూతురి శవం ముందు తప్పెట కొట్టాడనీ, అందుకు దొర ఆయన్ని బల్ల నుంచి తప్పించాడనీ నీకు తెలుసు. మనం బాప్తిస్మం తీసుకున్ననాడు తప్పెటలన్నీ దొర కాళ్ల ముందు పెట్టి, ఇక చావుకీ జాతరకీ కొట్టబోమని పెద్దలంతా మాట ఇచ్చారు కదా. ఆరు నెలలుగా నాయన మందిరం లోపలికి రావడం లేదు. ఇప్పుడు దొర మెత్తబడి, నాయన సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకుని, మళ్లీ తప్పెట ముట్టనని చెబితే చేర్చుకుంటానని మన మందిరం ఉపదేశి సుందరంతో కబురు పంపాడు. ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట చెప్పాల్సిన రోజుకి ఈయన కొత్త తప్పెట కట్టుకుంటున్నాడు!

ఈసారి వెలి వేస్తే ఇక ఈ జన్మకు చేర్చుకోరన్నా. అమ్మ పోయాక ఈయనకు మిగిలింది ఆ మందిరం ఒక్కటే. నువ్వు పెద్దవాడివి, కడప ఆసుపత్రిలో కాంపౌండరువి. నీ మాట వింటాడు. ఒక ఉత్తరం రాయి. నేను చదివి వినిపిస్తాను.

నీ చెల్లెలు,
జీవమ్మ


14 ఏప్రిల్ 1919
సోమవారం

అన్నా,

నీ జాబు అందింది. నాయనకు రాసిన ముక్క చదివి వినిపించాను. విన్నాడు, “నా కొడుకు బాగా రాసినాడు” అన్నాడు, లేచి మేకకు నీళ్లు పెట్టడానికి వెళ్లిపోయాడు. అంతే.

నాకు విడిగా రాసిన ముక్క మాత్రం నేను చదివి, మడిచి, మళ్లీ తెరిచి చదివాను. “నాయన మీద దొరకు చాడీ రాసిన వాడెవడో తెలిస్తే వాని చెయ్యి విరుస్తాను. నువ్వు అక్కడే ఉండి కనుక్కోలేకపోయావా?” అని అడిగావు. రెండు రోజులు మింగలేక కక్కలేక తిరిగాను. ఇక దాచలేను. విరవాల్సిన చెయ్యి ఇదే. దీంతోనే నీకు ఇప్పుడు రాస్తున్నాను.

అవునన్నా. దొరకు రాసింది నేనే.

నువ్వు ఉలిక్కిపడి ఉంటావు. ఈ కాగితం చించి పారేయకుండా చివరిదాకా చదువు. అప్పుడు నువ్వు ఆసుపత్రి వదిలి రాలేకపోయావు. అమ్మ జ్వరం పట్టిన నాలుగో నాడు పోయింది. మోసేందుకు నలుగురు దొరకడమే గగనమైంది. నాయన, ఉపదేశి, ఇద్దరు ముసలివాళ్లు. ఉపదేశి ప్రార్థన చేశాడు, మట్టి వేశాం, వచ్చేశాం. మోత లేదు, ఏడుపు లేదు. ఈ చుట్టుపక్కల ఏడూళ్లలో నాయనంత వాయించేవాడు లేడని పేరున్న మనిషి, కట్టుకున్న ఇల్లాలిని పిల్లి నడిచినంత చప్పుడు కూడా లేకుండా సాగనంపాడు. నియమం కదా అని నేను పళ్లు బిగబట్టుకున్నాను.

సరిగ్గా ఎనిమిదో నాడు నేత రామలింగప్ప కూతురు పోయింది. ఆరేళ్ల పిల్ల. వాళ్ల ఇంట్లో అందరూ మంచాన పడ్డారు, ఊళ్లో వాయించేవాళ్లు కొందరు చచ్చి, కొందరు చావబోతూ ఉన్నారు. ఆ మనిషి మగ్గం మీది గుడ్డ కోసి, పిల్లను చుట్టి, భుజాన వేసుకుని ఒంటరిగా నడుస్తున్నాడు. నాయన గడపలోంచి చూశాడు. ఎదురుగా బడి వాకిట్లోంచి నేను చూస్తుండగానే లేచాడు, పక్క గేరిలోని ఇంట్లో తప్పెట ఒకటి అరువు అడిగాడు, రామలింగప్ప ముందు నడుస్తూ శ్మశానం దాకా వాయించాడు. ఎట్లా వాయించాడనుకున్నావు! అక్కడ నిలబడిన నాకు కాళ్ల కింద నేల అదిరింది. పిల్లలందరూ నా కొంగు పట్టుకున్నారు.

ఇంటికొచ్చాక అడిగాను. “దిక్కులేకుండా పోతాంటే సూసి ఉండలేకపోతినమ్మా” అన్నాడు. మరి అమ్మకు? అన్న మాట అడగలేదు. ఆ సాయంత్రమే దొరకు ఉత్తరం రాశాను. సంఘ నియమం, ఇచ్చిన మాట, విగ్రహారాధకుల ఆచారం, అన్నీ పుస్తకం భాషలో చక్కగా రాశాను. చివర మాత్రం ఒక వాక్యం నన్ను అడగకుండానే కలంలోంచి వచ్చేసింది: “కట్టుకున్న భార్యకు కొట్టని తప్పెట పరాయి ఇంటి బిడ్డకు కొట్టినాడు.” నేను రాసింది నియమం కోసమని ఆరు నెలలు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఉక్రోషంతో రాశాను. ఒకసారి పిలిచి మందలిస్తారనుకున్నాను కానీ ఆయన పేరు కొట్టేస్తారని కలలో కూడా అనుకోలేదు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం నాయన మందిరం బయట, ఉత్తరపు కిటికీ కింద గోడకు ఆనుకుని కూర్చుంటాడు. ప్రతి పాటా పాడతాడు. లోపల ఉపదేశి చెప్పే చరణం సరిగా వినబడక అర చరణం వెనకబడతాడు. మేం పాట ముగించి కళ్లు మూసుకుంటే, బయట ఆయన గొంతు ఇంకా సాగుతూ ఉంటుంది. ఆ అర చరణం సేపు నేను ఏమైపోతానో దేవుడికే తెలుసు.

నిన్న మట్టలాదివారం, పండక్కి వారం ముందు. ఇంటికొచ్చాక కాళ్ల మీద పడినంత పని చేశాను. “తప్పయిందని చెప్పు నాయనా, నీకు పుణ్యముంటుంది.”

“తప్పయిందని చెప్తా” అన్నాడు. “మళ్లా ముట్టనని మాత్రం చెప్పలేనమ్మా.”

“అయితే నిన్ను తీసుకోరు!”

“తీసుకోకుంటే కిటికీ ఉండనే ఉండాది గదా.”

రాసింది నేనేనని ఆయనకు చెప్పడానికి నాకు ధైర్యం చాలడం లేదు. నీకే చెప్పుకున్నాను. తిట్టు, కొట్టు, కానీ ఆయనకు తెలియనివ్వకు.

జీవమ్మ


21 ఏప్రిల్ 1919
ఈస్టరు మరునాడు

అన్నా,

నీ దగ్గరనుంచి జవాబు రాలేదు. కోపం తగ్గలేదేమో. తగ్గకపోయినా ఇది చదువు. నిన్న జరిగింది ఎవరితోనైనా చెప్పుకోకపోతే నాకు పిచ్చెక్కేట్టుంది. నేను ఇంకా ఆ దిగ్భ్రమలోంచి తేరుకోలేదు.

వాడుక ప్రకారం తొలికోడి కూసేసరికి అందరం సమాధుల దగ్గర చేరాం. దొర ముందు రోజే వచ్చి బడిలో దిగాడు. నాయన ఇంట్లో లేడు, ఎప్పుడు లేచి పోయాడో తెలియదు. చుట్టూ కొత్త మట్టిదిబ్బలు. మన గేరిలో ముప్పై ఒక్క మంది పోయారన్నా, దిబ్బ మీద దిబ్బ. సూర్యుడు పొడిచే వేళకు దొర “క్రీస్తు లేచెను” అన్నాడు. “నిజముగా లేచెను” అని మేం బదులు చెప్పాలి. చెప్పాం. ఎవరి దిబ్బ వైపు వాళ్లు చూస్తూ, అప్పు వాయిదా ఒప్పుకుంటున్న వాళ్లలాగా గొణిగాం. పాట ఎత్తితే సగంలో తెగిపోయింది. దొర మొహం చిన్నబుచ్చుకున్నాడు. ప్రార్థన ముగించి, అందరం ఊరివైపు తిరిగాం. శ్మశానం నుంచి ఎప్పుడు వచ్చినా మనవాళ్లు తలొంచుకుని, వెనక్కి చూడకుండా వస్తారు కదా, అట్లాగే బయల్దేరాం.

అప్పుడు మా వెనక తప్పెట మోగింది.

 అది చావు మోత. పుట్టిననాటినుంచి వింటున్న మోత, దాన్ని గుర్తుపట్టడంలో ఎవరూ పొరపాటు పడరు. ఆడవాళ్లు కెవ్వున అరిచారు. ఒకామె “యెవురు పోయినారు తల్లో!” అంటూ కూలబడింది. వెనక్కి చూడకూడదన్న మాట మరిచి అందరం తిరిగి చూశాం. అమ్మ సమాధి పక్కనుంచి నాయన వస్తున్నాడు. తెల్ల పంచె, తలపాగా, భుజాన తప్పెట. మా మధ్యలోంచి నడిచి మా ముందుకు వచ్చాడు. ఊరివైపు మొహం పెట్టి వాయిస్తూనే ఉన్నాడు.

నీకు తెలుసు కదా. మన వైపు ఊళ్లలో తప్పెట శవం ముందు శ్మశానం దాకా మోగాలి. అక్కడితో సరి. తిరిగొచ్చేటప్పుడు దాన్ని బోర్లించి చంకన పెట్టుకుని రావాలి, ఒక్క దెబ్బ కూడా వేయకూడదు. ఆ మోత శ్మశానం నుంచి ఊళ్లోకి రావడం తాతల కాలంలో కూడా ఎవరూ వినలేదు. విన్న ఊరంతా బయటికి వచ్చింది. మగ్గాల గుంతల్లోంచి లేచి వచ్చారు, గోడలెక్కారు. ఎవరో శవం లేచి వస్తోందని అరిచి పిల్లల్ని ఇళ్లలోకి తోశారు. రామలింగప్ప మాత్రం దారికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

“ఎవురప్పా పోయింది?” అన్నాడు.

నాయన చెయ్యి ఆపలేదు. “పోయినోళ్లు ఎవరూ ల్యారప్పా! వచ్చినాడు. పోయినాయన తిరిగొచ్చిండాడు!”

దొర గబగబా ముందుకొచ్చాడు. మొహం కందగడ్డ అయింది. “గురప్పా, ఇది చావు వాద్యము గదా?” అన్నాడు.

అప్పుడు ఆపాడు నాయన. ఊపిరి అందడం లేదు, చెమటకు చొక్కా తడిసి ముద్దయింది. “అవును దొరా. పదేండ్ల వయసు నుంచి ఈ దోవలో ఎంతమందినో సాగనంపినా. అందరికీ పోయేటప్పుడే కొట్టినా. వచ్చేటప్పుడు కొట్టే పని నాకు ఇంతవరకూ పడల్యా, ఎవరూ తిరిగి రాల్యా కాబట్టి. ఒకాయన వచ్చినాడని మీరే గదా చెప్తిరి? నిజంగా వచ్చింటే ఊరికే ఎట్ల రానిస్తాం దొరా? సాగనంపేదానికి మోత ఉండి, ఎదురుకోలుకు లేకపోతే ఎట్ల?”

   దొర తలమీది టోపీ తీసి చేత్తో పట్టుకుని, పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

ఆ తర్వాత జరిగింది ఎట్లా చెప్పను! నాయన మళ్లీ ఎత్తుకున్నాడు. అదే చావు మోత, కానీ నడక రెట్టింపు చేశాడు. అంతకుముందు కూలబడ్డ ఆమె లేచి చప్పట్లు మొదలుపెట్టింది. ఇద్దరు కొడుకుల్ని పూడ్చిన మనిషి ఆమె. పాట ఎవరు ఎత్తారో తెలియదు, ఈసారి తెగలేదు. ముసలివాళ్లు ఎగిరారు, ఉపదేశి ఎగిరాడు. ఏడుస్తూ పాడారు, నవ్వుతూ పాడారు, “లేచెను, లేచెను” అని గొంతులు చించుకున్నారు. నేను పాడలేదన్నా, అరిచాను. అమ్మ పోయిన నాటినుంచి నా గొంతులో ఇరుక్కున్నదంతా బయటికి వచ్చింది. క్రీస్తు లేచాడని నేను ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నాను, పరీక్షలో అడుగుతున్నాను. అది నిజమని నాకు తట్టింది నిన్ననే. ఇంత ఆలస్యంగా తట్టినందుకు సిగ్గుతో, సంతోషంతో నేనూ ఎగిరాను. దొర అందరికంటే వెనక, టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు.

మందిరం గడప దగ్గర నాయన అలవాటుగా కిటికీ వైపు తిరిగాడు. దొర ఆయన చెయ్యి పట్టుకుని “లోపలికి రా” అన్నాడు. “తప్పెటతోనా, లేకుండానా?” అని అడిగాడు నాయన. దొర “నీవు రా. దాని సంగతి సంఘము కూడి మాట్లాడుదము” అన్నాడు. తప్పెట గడప బయట పెట్టి నాయన లోపలికి వచ్చాడు. ఆరు నెలల తర్వాత మాతో కలిసి పాడాడు. రొట్టె తీసుకున్నాడు, గిన్నెలో ద్రాక్షరసం తాగాడు. అడగాల్సిన ప్రమాణం దొర అడగలేదు.

గిన్నె నా దగ్గరికి వచ్చింది. నేను తాగలేకపోయాను. ముట్టకుండానే పక్కామెకు ఇచ్చేశాను. ఎవరూ చూడలేదు.

జీవమ్మ


23 ఏప్రిల్ 1919
బుధవారం

చిరంజీవి ప్రకాశానికి మీ నాయన గురప్ప దీవెనలు.

నీ చెల్లెల్ని కూచోబెట్టి రాయిస్తాండా. నేను చెప్పింది చెప్పినట్టు రాయల్ల, ఒక్క ముక్క మార్చగూడదు, పుస్తకం మాటలు ఏయగూడదు అని ముందే ఒట్టు పెట్టించుకున్నా. సరేనంది. ఏమి చెప్తానో దానికి తెలీదు గాబట్టి సరేనంది.

పండగ బాగా జరిగింది. చేతులు బొబ్బలెక్కినాయి, ఎన్నెపూస పూసినాది నీ చెల్లెలు. నన్ను లోపలికి తీసుకున్నారు. శానా సంతోషం. అయితే గిన్నె దీని దగ్గరికి వచ్చినప్పుడు ముట్టకుండా పక్కకి ఇచ్చేసింది. ఎవురూ చూడలేదనుకునింటుంది. ఆర్నెల్లు పాట పాటకూ లేచి కిటికీలోంచి దీని వీపే చూసినోణ్ణి, నేను చూడకుండా పోతానా? ఆ పొద్దు నుంచి రెండు దినాలు ఆలోచించి ఈ జాబు రాయిస్తాండా.

దొరకు నా మీద రాసింది జీవమ్మే. నాకు అక్టోబరు నుంచే తెలుసు.

ఆగినావేమ్మా? రాయి. ఒట్టేసినావు.

దొర నన్ను పిలిపించినప్పుడు ఆ కాగితం సాంతం చదివి ఇనిపించినాడు. కడాకు ఒక మాట ఉన్నింది, కట్టుకున్నదానికి కొట్టని తప్పెట పరాయి బిడ్డకు కొట్టినాడని. ఆ మాట ఇన్నాక నాకు కోపం రాల్యా నాయనా. నియమం తెలిసిన పంతులమ్మ రాసిన మాట గాదు అది. తల్లి పోయిన బిడ్డ ఏడిసిన ఏడుపు. ఇది ఇంట్లో ఒక్క చుక్క కన్నీళ్లు పెట్టలేదే, యాడ ఏడిసిందో అనుకుంటాంటి. కాగితం మీద ఏడిసింది. దొరకు చెప్పినా, నాకు తెలుసని మా పాపకు తెలియగూడదు, పిల్లోళ్ల ముందర తలెత్తుకోని బతకాల్సిన మనిషి అని. దొర మాట నిలబెట్టుకున్నాడు.

మీ అమ్మకు ఎందుకు కొట్టల్యానో ఇప్పుడు చెప్తా, ఇద్దరూ ఇనండి. నియమం అని గాదు. ఆ దినం నేను నియమం గియమం ఇనే తావులో ల్యా. జ్వరంలో మీ అమ్మ నా చెయ్యి పట్టుకోని చెప్పింది: “నేను పోయేటప్పుడు తప్పెట కొట్టొద్దు. నేను వచ్చేటప్పుడు కొట్టు.” ఆ ముక్క నేను ఎవురికీ చెప్పల్యా. యాలంటే నాకే నమ్మకం ల్యా. మట్టి కప్పినాక ఎవురొచ్చినారు? జ్వరంలో ఏందో అనింది అనుకున్నా. ఆర్నెల్లు కిటికీ కింద కూచోని, మీరు పాడింది పాడతా, ఉపదేశి చదివింది ఇంటా ఉంటే, మెల్లగా తెలిసింది నాకు. మీ అమ్మ ముందే నమ్మింది, నాకు ఆర్నెల్లు పట్టింది. ఆమె వచ్చే దినానికి నేనుంటానో పోతానో. అందుకే ముందొచ్చినాయనకి కొట్టినా, ఆమె దిబ్బ కాడి నుంచి మొదలుపెట్టి.

అన్నా, ఇది నాయన మాట కాదు, నేను రాస్తున్నాను. ఇక్కడ కలం కింద పెట్టాను.  అమ్మ మాట ఇప్పుడే విన్నాను. నాయన ఎదురుగా కూర్చుని, ఒట్టేసినావు, రాయి అంటున్నాడు. ఆయన కాళ్లు పట్టుకున్నాను. లేపి మళ్లీ కూర్చోబెట్టాడు.

ఇది ఏడుస్తాండాది. అచ్చరాలు తడిసి నీకు చదవను రాకుంటే ఎవురినైనా అడిగి చదివించుకో. పెంతెకొస్తు పండక్కి దొర మళ్లా వస్తాడంట. దీన్ని ఒక మాట అడుగుతాండా, జవాబు గూడా ఇందులోనే రాయమంటాండా, నువ్వు సాచ్చిగా ఉండు: ఆ పొద్దు నా పక్కన కూచోని నా చేతి మీదుగా గిన్నె తీసుకుంటావా, తీసుకోవా?

తీసుకుంటాను.

ఇట్లు,
గురప్ప వేలిముద్ర
రాసినది: కూతురు జీవమ్మ